వచ్చిన రోజే సంతకం పెట్టమనే వారికి ఏం చెప్పాలి

మీరు అడిగిన విషయాన్ని ముందుగా కొద్ది వాక్యాల్లో చెప్పుకుంటాను, అప్పుడే ఇదే ఇబ్బందిలో ఉన్న మరొకరికి కూడా ఈ సమాధానం ఉపయోగపడుతుంది. తిరుచానూరు రోడ్డు వైపు మీరు కట్టుకున్న ఇంటికి మాడ్యులర్ కిచెన్, రెండు గదులకు వార్డ్‌రోబ్‌లు చేయిస్తామని ఒక సంస్థ ప్రతినిధులు ఇద్దరు సాయంత్రం వచ్చి, భోజనాల వేళ దాటిపోయే వరకు కూర్చున్నారు. మొదట 7,20,000 రూపాయలు చెప్పి, మేనేజరుతో ఫోన్లో మాట్లాడి దాన్ని 4,95,000కు దించి, ఈ ధర ఈ రాత్రికే అని, 50,000 అడ్వాన్సు అక్కడికక్కడే ఫోన్లో వేయమన్నారు. మీ నాన్నగారు ‘పాపం, ఇంతసేపు కష్టపడ్డారు, ఇచ్చేద్దాం’ అన్నారు. మీరు రెండు రోజులు గడువు అడిగారు. మర్నాటి నుంచి ఫోన్లు ఆగడం లేదు. డబ్బు పంపాలా వద్దా, వద్దంటే వారితో ఎలా మాట్లాడాలి అన్నది మీ ప్రశ్న.

డబ్బు పంపకండి. ఆ సంస్థ మంచిదైనా కాకపోయినా ఈ సమాధానం మారదు. నేను చాలా ఏళ్లు ఇంటీరియర్ పనులకు ఎస్టిమేట్లు వేసే ఉద్యోగం చేసి, ఇప్పుడు తిరుపతి, రేణిగుంట, చిత్తూరు ప్రాంతాల్లో ఇంటి యజమానుల తరఫున పనులు చూసిపెడుతున్నాను. ధర ఎలా తయారవుతుందో, ఎలా తగ్గుతుందో లోపలి నుంచి చూసిన మనిషిగా చెబుతున్నాను: ఒక వంటగదికి అయ్యే ఖర్చు రాత్రికి రాత్రి మారదు. ప్లైవుడ్, దానిపైన అతికించే లామినేట్ రేకు, హింజ్‌లు (తలుపు బందులు), డ్రాయర్లు జారే ఛానెళ్లు, కటింగు, కూలి, రవాణా, బిగింపు, వీటి మీద సంస్థ లాభం, ఆపైన జీఎస్టీ, ఇంతే కదా అందులో ఉన్నది. వీటిలో ఏ ఒక్కటీ మీరు సోమవారం సంతకం పెడితే ఒక ధర, గురువారం పెడితే మరో ధర అయ్యేది కాదు.

మరి ఆ 2,25,000 రూపాయలు ఎలా తగ్గాయి? దానికి రెండు దారులున్నాయి. మొదటిది, 7,20,000 అనే సంఖ్య ఎవరి దగ్గరా వసూలు చేయాలని వేసినది కాదు, తగ్గించి చూపించడానికే వేసినది. ఎస్టిమేటు వేసేటప్పుడే ఎంత వరకు దిగవచ్చో నిర్ణయమై ఉంటుంది, మేనేజరుకు ఫోన్ చేయడం ఆ నిర్ణయాన్ని మీ కళ్లముందు మళ్లీ జరిపి చూపించడం మాత్రమే. రెండో దారి ఇంకా జాగ్రత్తగా చూడవలసినది. ధర దిగినప్పుడు దానితోపాటు వస్తువు కూడా చడీచప్పుడు లేకుండా దిగుతుంది. మొదటి లెక్కలో సింకు కింద తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ ఉంటే రెండో లెక్కలో చెక్కపొట్టు అదిమి చేసిన పార్టికల్ బోర్డు వస్తుంది, ఐదు డ్రాయర్లు మూడవుతాయి, వెనక పలక మందం తగ్గుతుంది, సాఫ్ట్ క్లోజ్ హింజ్ మామూలు హింజ్ అవుతుంది. తెరమీద చూపించిన రంగుల బొమ్మ మాత్రం మారదు కాబట్టి, చూసేవారికి అదే వంటగది తక్కువ ధరకు వస్తున్నట్టు కనిపిస్తుంది. అందుకే తగ్గింపు ఎంత అని కాకుండా, తగ్గించక ముందు కాగితంలో ఏముంది, తగ్గించిన తర్వాత కాగితంలో ఏముంది అని అడగాలి. మీకు ఆ రాత్రి ఏ కాగితమూ ఇవ్వకుండా ట్యాబ్‌లో చూపించి వెళ్లారని రాశారు. నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసినది అదే.

ఒక మాట వారి పక్షాన కూడా చెప్పాలి. నెలాఖరు టార్గెట్ అనేది నిజంగా ఉంటుంది, ఆ కుర్రవాళ్ల జీతంలో పెద్ద భాగం దానిమీదే ఆధారపడి ఉంటుంది, కాబట్టి నెల చివరి మూడు నాలుగు రోజుల్లో ఇచ్చే తగ్గింపు కొన్నిసార్లు నిజమైనదే. అయితే ప్రతి నెలకూ చివర ఉంటుంది, సంక్రాంతికి, ఉగాదికి, దసరాకు, దీపావళికి ఆఫర్లు ఉంటాయి. ఇప్పుడు ఇవ్వగలిగిన ధర తర్వాత కూడా ఇవ్వగలరు. వారం ఆగి మీరే ఫోన్ చేసి చూడండి, దాదాపు ఎప్పుడూ అదే ధరో, దానికి కొంచెం దిగువనో చెబుతారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ ఒత్తిడి పనిచేసేది లెక్కల వల్ల కాదు, మన మర్యాద వల్ల. దుకాణానికి వెళ్లినప్పుడు నచ్చకపోతే లేచి వచ్చేస్తాం, అక్కడ మనం అతిథులం. అదే మనిషి మన ఇంటికి వచ్చి సోఫాలో కూర్చుని, మంచినీళ్లు తాగి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, పిల్లల చదువులు అడిగి తెలుసుకున్న తర్వాత అతిథి అవుతాడు, వద్దు అనడం అతిథిని అవమానించినట్టు అనిపిస్తుంది. మూడు గంటలు కూర్చోవడంలోని ప్రయోజనం ఇదే. కొలతలు తీసుకోవడానికి ముప్పావు గంట చాలు. మిగిలిన సమయమంతా మీ ఇంట్లో వారికి ఒక ఋణభావం కలిగించడానికి ఖర్చు చేస్తారు. మీ నాన్నగారి నోటి నుంచి వచ్చిన మాట ఆయన మంచితనం నుంచి వచ్చింది, ఆయనను తప్పు పట్టకండి. వారికి ఇవ్వవలసిన మర్యాద కాఫీతో, మంచి మాటతో, గేటు దాకా వెళ్లి పంపించడంతో పూర్తిగా తీరిపోతుందని, సంతకం ఆ మర్యాదలో భాగం కాదని ఆయనతో నెమ్మదిగా చెప్పండి.

వచ్చేముందు ‘భార్యాభర్తలు ఇద్దరూ ఉన్నప్పుడే వస్తాం’ అని అడగడం మీరు గమనించే ఉంటారు. డిజైన్ ఇద్దరికీ నచ్చాలని వారు చెప్పే కారణం అబద్ధం కాదు, కానీ ఇద్దరూ ఎదురుగా ఉంటే ‘ఇంట్లో అడిగి చెబుతాం’ అనే మాటకు చోటు ఉండదు. అందుకే మొదటిసారి వచ్చినప్పుడు నిర్ణయం తీసుకునేవారిలో ఒకరు ఇంట్లో లేకపోవడం మంచిది. అది కుదరకపోతే, మన కుటుంబాల్లో సహజంగానే ఉండే ఒక పద్ధతిని వాడుకోండి: ‘మా అన్నయ్య చూసిన తర్వాతే డబ్బు విషయం’ అని మొదటి ఐదు నిమిషాల్లోనే, కొలతల టేపు తీయకముందే చెప్పండి. చివరలో చెబితే తప్పించుకుంటున్నట్టు వినిపించే మాట, మొదట్లో చెబితే ఇంటి నియమంలా వినిపిస్తుంది.

మన ప్రాంతంలో మరో రకం తొందర ఉంది. ‘ఎల్లుండి నుంచి మూఢం’, ‘ఆషాఢం వచ్చేస్తోంది’, ‘ధనుర్మాసం మొదలైతే సంక్రాంతి దాకా మంచి రోజు లేదు’ అని పంచాంగాన్ని చూపించి అడ్వాన్సు అడుగుతారు. కొందరు స్వామివారి ప్రసాదం పొట్లం చేతిలో పెట్టి మాట మొదలుపెడతారు, మరికొందరు టీటీడీ ఉద్యోగులకు మాత్రమే ఉన్న ప్రత్యేక ధర మీకూ ఇప్పిస్తామంటారు. ముహూర్తం మీద మీకున్న నమ్మకాన్ని వదులుకోమని నేను ఎంతమాత్రం అనను, నాకూ ఆ నమ్మకం ఉంది. కానీ ముహూర్తం పని మొదలుపెట్టడానికి చూసుకుంటాం, ఎవరో చెప్పిన గడువుకు తలవంచడానికి కాదు. మంచి రోజు దాటిపోతుందనే బెంగ ఇంట్లో పెద్దవాళ్లకు ఉంటే, ఆ రోజు వంటగది కొలతల కాగితానికి పసుపు కుంకుమ పెట్టి దేవుడి దగ్గర ఉంచండి, పని ఆరంభమైనట్టే. డబ్బు, ఒప్పందం తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చు. ప్రత్యేక ధర ఉందన్నవారిని ఆ మాటను సంస్థ లెటర్‌హెడ్ మీద రాసి ఇమ్మని అడిగితే చాలు.

మాట్లాడే తీరు గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. చాలామంది చేసేది ఏమిటంటే, వద్దు అనడానికి ఒక కారణం వెతికి చెప్పడం. కారణం చెప్పగానే అది వారికి పట్టు అవుతుంది. డబ్బు సర్దుబాటు కాలేదంటే ఈఎంఐ ఉందంటారు. ఇంకో రెండు చోట్ల కనుక్కోవాలంటే ఆ కొటేషన్ చూపించండి, దానికంటే తగ్గిస్తామంటారు. తమ్ముడిని అడగాలంటే ఇప్పుడే ఫోన్ కలపండి, మేమే మాట్లాడతామంటారు. శిక్షణలో ప్రతి అభ్యంతరానికీ ఒక జవాబు నేర్పిస్తారు కాబట్టి అభ్యంతరాల పోటీలో మీరు గెలవలేరు, గెలవవలసిన అవసరమూ లేదు. ‘కొటేషన్ ఇచ్చి వెళ్లండి. వచ్చిన రోజే డబ్బు ఇవ్వడం మా ఇంట్లో లేదు. వారం తర్వాత మేమే ఫోన్ చేస్తాం’ అని చెప్పి ఆగిపోండి. ఎందుకు అని అడిగితే అవే మూడు వాక్యాలు అదే స్వరంతో మళ్లీ చెప్పండి. గొంతు పెంచవద్దు, నవ్వుతూ నసగవద్దు, లేచి నిలబడండి. మీరు లేచి నిలబడితే ఎదుటివారు కూడా లేస్తారు, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ బాగా పనిచేస్తుంది.

ఫోన్ల విషయానికి వస్తే, ఒక్కసారి వాట్సాప్‌లో రాతపూర్వకంగా ‘కొటేషన్ పంపిన తర్వాతే మాట్లాడతాం, దయచేసి ఫోన్ చేయవద్దు’ అని పంపి, ఆ నంబర్లను ఆపేయండి. 1909కు ఫోన్ చేసి డీఎన్‌డీలో (ప్రచార కాల్స్ వద్దనేవారి జాబితాలో) మీ నంబరు నమోదు చేసుకుంటే వాణిజ్య కాల్స్ కొంతవరకు తగ్గుతాయి.

ఇప్పుడు కొటేషన్‌లో ఏముండాలో చెబుతాను, ఎందుకంటే సరైన కాగితం అడగడం ఒక్కటే చాలాసార్లు బలవంతపు అమ్మకాన్ని దానంతట అదే ఆపేస్తుంది. మొట్టమొదట కొలత పద్ధతి. ‘చదరపు అడుగుకు ఇంత’ అనే మాటకు, ఏ అడుగు అనేది తెలియకపోతే అర్థం లేదు. గోడమీద కనిపించే ముందు భాగపు పొడవు, ఎత్తు గుణించి చెప్పేవారున్నారు. తలుపుల విస్తీర్ణం ఒక ధరకు, లోపలి పెట్టె మరో ధరకు విడివిడిగా లెక్కగట్టేవారున్నారు. పెట్టె పలకలన్నిటినీ విడదీసి కూడేవారున్నారు. పది అడుగుల పొడవు, రెండున్నర అడుగుల ఎత్తు ఉన్న కింది క్యాబినెట్ వరుస మొదటి పద్ధతిలో 25 చదరపు అడుగులు. అదే వరుసను కింది పలక, వెనక పలక, పక్క పలకలు, మధ్య అరలు అన్నీ కలిపి లెక్కిస్తే ఆ సంఖ్య ఎన్నో రెట్లవుతుంది. కాబట్టి అడుగుకు తక్కువ ధర చెప్పిన సంస్థ మొత్తం మీద ఎక్కువ వసూలు చేయడం సర్వసాధారణం. అడుగు ధరలను పోల్చవద్దు, ఒకే డ్రాయింగుకు మొత్తం ధరలను పోల్చండి.

తర్వాత చెక్క. ‘వాటర్‌ప్రూఫ్ ప్లై’ అనే రెండు మాటలు చాలవు. సాధారణ వాడకపు ప్లైవుడ్‌కు ఐఎస్ 303, మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణాలున్నాయి. సింకు కింద, డిష్‌వాషర్ పక్కన ఐఎస్ 710 అని, మిగతా పెట్టెలకు ఏ రకమో, ఎన్ని మిల్లీమీటర్ల మందమో, ఏ బ్రాండో రాయించుకోండి. షీటు మీద ఐఎస్ఐ గుర్తుతోపాటు ఉండే లైసెన్సు నంబరును, ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఆ లైసెన్సు ఎవరిదో, ఇంకా చెల్లుతుందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. పని మొదలయ్యే రోజున సరుకు దిగగానే ఈ పరీక్ష చేయండి, లామినేట్ అతికించిన తర్వాత లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు. హింజ్‌లు, ఛానెళ్లు ఎన్ని, ఏ బ్రాండు అన్నది కూడా సంఖ్యతో ఉండాలి. గ్రానైటు, ప్లంబింగు, విద్యుత్ పాయింట్లు, చిమ్నీ గొట్టం ఈ ధరలో ఉన్నాయా లేవా అనేది ఒక్కో వాక్యంలో రాయించండి, చివరలో ‘ఎక్స్‌ట్రా’ పేరుతో వచ్చే బిల్లు ఎక్కువగా వీటి దగ్గరే పుడుతుంది.

మనది చెన్నైకి, బెంగళూరుకు మధ్యన ఉన్న ఊరు కావడం వల్ల రెండు నగరాల నుంచీ సంస్థలు వస్తాయి. అందులో తప్పేమీ లేదు, కానీ రేపు తలుపు జారిపోతే ఎవరు వస్తారన్నది ముందే తెలుసుకోవాలి. దీనికి సులభమైన దారి జీఎస్టీ నంబరు. పదిహేను అక్షరాలుండే ఆ నంబరు మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి: 37 అయితే ఆంధ్రప్రదేశ్, 33 అయితే తమిళనాడు, 29 అయితే కర్ణాటక, 36 అయితే తెలంగాణ. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు వేస్తే నమోదైన పేరు, నమోదైన తేదీ, ఇప్పుడు అమల్లో ఉందా లేదా అన్నవి కనిపిస్తాయి. పదిహేనేళ్లుగా ఉన్నామని చెప్పిన సంస్థ నమోదు తేదీ నిరుటిదైతే ఆ ప్రశ్న అడగడానికి మీకు పూర్తి హక్కుంది. ‘బిల్లు లేకుండా అయితే జీఎస్టీ మిగులుతుంది’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బిల్లు లేకపోతే గొడవ వచ్చినప్పుడు మీ చేతిలో ఆధారమే ఉండదు. అడ్వాన్సు ఎప్పుడు ఇచ్చినా సంస్థ పేరుమీద బ్యాంకులో ఉన్న వ్యాపార ఖాతాకే (కరెంట్ అకౌంట్‌కే) ఇవ్వండి, ప్రతినిధి సొంత ఫోన్ నంబరుకు కాదు. మిగిలిన సొమ్మును తారీఖులకు కాకుండా పని దశలకు ముడిపెట్టండి, బిగింపు పూర్తై లోపాలు సరిచేసే వరకు కనీసం పది శాతం మీ దగ్గరే ఉండాలి.

ఈఎంఐ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఒత్తిడి అంతా అక్కడికి మారింది. ‘ఓటీపీ చెప్పండి, అర్హత ఉందో లేదో చూస్తాం’ అని ట్యాబ్ ముందు పెడతారు. ఆ ఓటీపీ చాలాసార్లు సంతకంతో సమానం, అప్పు అప్పటికప్పుడే మంజూరై డబ్బు నేరుగా సంస్థకు వెళ్లిపోవచ్చు. ఆ తర్వాత పని ఆగిపోయినా ఈఎంఐ ఆగదు, ఎందుకంటే అప్పిచ్చిన సంస్థ వేరు, పని చేసే సంస్థ వేరు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులు గడువు పెట్టుకుని తీసుకునే కొత్త రుణాలన్నిటికీ (రిటైల్ టర్మ్ రుణాలు) ముందుగా కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలి, అందులో అన్ని రుసుములూ కలిపిన వార్షిక వ్యయ శాతం ఉండాలి. ఏడు రోజులు, అంతకు మించిన గడువు గల రుణాలకు ఆ పత్రంలోని షరతులు కనీసం మూడు పనిదినాలు చెల్లుబాటులో ఉండాలి. అంటే అప్పు విషయంలో ‘ఈ రాత్రికే’ అనే మాటకు ఆధారమే లేదు, ఆలోచించుకోవడానికి ఆ మూడు రోజులూ మీవే. ఇలా ట్యాబ్‌లోనో యాప్‌లోనో తీసుకునే డిజిటల్ రుణాల్లో కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు, అంటే మనసు మార్చుకునే గడువు కూడా ఉంటుంది. ఆ గడువులో అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేసి జరిమానా లేకుండా బయటపడవచ్చు, ముందుగా తెలిపిన ప్రాసెసింగు రుసుమును మాత్రం అప్పిచ్చిన సంస్థ ఉంచుకోవచ్చు. ఇక ‘సున్నా వడ్డీ’ అనే మాట విషయంలో, అలాంటిదేమీ ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. వడ్డీ వస్తువు ధరలోనో, పోగొట్టుకున్న తగ్గింపులోనో దాగి ఉంటుంది. మొత్తం నగదు ఇస్తే ఎంత అని అడిగి, రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

మీ ప్రశ్న వంటగది గురించే అయినా, కొత్త ఇంటికి ఇదే వరుసలో మరికొందరు వస్తారు కాబట్టి వాటినీ చెబుతాను. అన్నిటికంటే ముందు నీటి శుద్ధి యంత్రాలవారు. తిరుపతి చుట్టుపక్కల చాలా బోర్ల నీళ్లకు బకెట్ల మీద, కుళాయిల మీద తెల్లటి పొర కడుతుంది, ఆ భయాన్ని వారు వాడుకుంటారు. రెండు గ్లాసులు పెడతారు, ఒకదానిలో మీ కుళాయి నీళ్లు, మరోదానిలో వారి యంత్రం నుంచి వచ్చిన నీళ్లు. రెండింటిలో కడ్డీలున్న చిన్న పరికరాన్ని ముంచి కరెంటు ఇస్తారు. మీ నీళ్లు క్షణాల్లో గోధుమ రంగులోకి మారి, పైన చెత్త తేలుతుంది, వారి నీళ్లు తేటగానే ఉంటాయి. ‘ఇదేనమ్మా మీ పిల్లలు తాగుతున్నది’ అంటారు. ఆ రంగు మీ నీళ్లలోది కాదు, ఆ ఇనుప కడ్డీ కరిగినది. నీళ్లలో లవణాలుంటే విద్యుత్తు ప్రవహిస్తుంది, ప్రవహిస్తే కడ్డీలోని ఇనుము కరిగి తుప్పులా తేలుతుంది. వారి ఆర్వో యంత్రం లవణాలను వడకట్టేస్తుంది, ఆ నీళ్లలో లవణాలు చాలా తక్కువ కాబట్టి విద్యుత్తు దాదాపు ప్రవహించదు, అందుకే ఏమీ కనిపించదు. వారి తేట నీళ్ల గ్లాసులో చిటికెడు వంట ఉప్పు వేసి మళ్లీ ఆ పరికరం పెట్టమనండి, అవీ అదే రంగులోకి మారతాయి. ఇంటి ఇల్లాలు ఈ ఒక్క పని చేస్తే మాట అక్కడితో ముగుస్తుంది.

మీకు యంత్రం అవసరం లేదని దీని అర్థం కాదు. తాగునీటికి ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 2000 వరకు అనుమతి ఉంది. కాఠిన్యానికి ఆ సంఖ్యలు 200, 600. మీ నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఆ కాగితం చేతిలో పెట్టుకుని యంత్రం ఎంచుకోండి. నీటి సరఫరా మున్సిపల్ పైపు నుంచా, బోరు నుంచా అన్నదాన్ని బట్టి అవసరమే మారిపోతుంది. తాగడానికి కావలసినది ఒకటి, స్నానాల గదులకు కావలసిన, నీటి కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ వేరొకటి, రెండింటినీ కలిపి అమ్మితే విడదీసి అడగండి.

సోలార్ విషయంలో తొందర పెట్టే మాట ‘సబ్సిడీ ఈ నెలతో అయిపోతుంది’. ఇళ్ల మిద్దెల మీద సోలార్ ప్యానెళ్లకు సబ్సిడీ ఇచ్చే, 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకానికి 2026–27 వరకు గడువుతో కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడో కిలోవాట్‌కు 18,000, మొత్తం మీద 78,000 మించదు. ఐదు కిలోవాట్లు పెట్టించినా అంతే. కాబట్టి పెద్దది పెడితే ఎక్కువ సబ్సిడీ అని ఎవరైనా చెబితే అది నిజం కాదు. దరఖాస్తు జాతీయ పోర్టల్‌లో మీ విద్యుత్ సర్వీసు నంబరుతో జరుగుతుంది, నమోదైన విక్రేతల్లో ఎవరినైనా మీరే ఎంచుకోవచ్చు, ప్యానెళ్లు బిగించి నెట్ మీటరు (మీరు వాడిన, గ్రిడ్‌కు ఇచ్చిన కరెంటు రెండూ లెక్కించే మీటరు) పెట్టిన తర్వాత సబ్సిడీ మీ బ్యాంకు ఖాతాకే వస్తుంది. మనకు కరెంటు సరఫరా చేసే సంస్థ (డిస్కం) ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది, ‘డిపార్ట్‌మెంటు నుంచి వచ్చాం’ అనేవారి మాట అక్కడ నిర్ధారించుకోవడం కష్టం కాదు. ఒక కిలోవాట్ రోజుకు సగటున నాలుగు యూనిట్ల వరకు ఇస్తుంది. మీ పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకుని ఎంత సామర్థ్యం కావాలో మీరే లెక్క వేసుకోండి.

వాన తర్వాత తేమ మీటరు పట్టుకుని వచ్చే వాటర్‌ప్రూఫింగువారి గురించి ఒక్క మాట చాలు. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానల వంటివి చూసిన తర్వాత మన భయం సహజమే, కానీ తడి గోడకు మీటరు పెడితే ఎర్ర లైటు వెలగక తప్పదు. గోడ ఆరిన తర్వాత, నీరు ఎక్కడి నుంచి దిగుతోందో చూపించినవారితోనే మాట్లాడండి. పని అయ్యాక మిద్దె మీద ఒక రోజైనా నీళ్లు నిలబెట్టి చూసే షరతు రాయించండి.

ఇక చట్టం. ఇంటికి వచ్చి అమ్మిన ప్రతి ఒప్పందాన్నీ ఇన్ని రోజుల్లో ఉచితంగా రద్దు చేసుకోవచ్చనే సాధారణ నిబంధన మన దేశంలో లేదు, అందుకే సంతకానికి ముందు చూపే జాగ్రత్తే అసలు రక్షణ. అయితే సంతకం పెట్టిన మాత్రాన చేతులు కట్టేసినట్టు కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. నాణ్యత గురించి, ధర గురించి తప్పుడు మాటలు చెప్పడం, బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతులు. యాప్‌లో టైమరు పెట్టి లేని తొందర సృష్టించడాన్ని 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవారిని మోసపుచ్చే తెర ఎత్తుగడలు) మార్గదర్శకాలు నిషేధించాయి. ‘అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు’ అని చిన్న అక్షరాల్లో ఉన్నంత మాత్రాన సంస్థ మొత్తం సొమ్మును ఉంచేసుకోవచ్చని అనుకోకండి. ఒప్పందం ఉల్లంఘన జరిగినప్పుడు సహేతుకమైన పరిహారం మాత్రమే పొందవచ్చని 1872 ఒప్పందాల చట్టంలోని 74వ సెక్షన్ చెబుతుంది.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి బాధపడుతున్నవారు వెంటనే, అదే రోజు వీలైతే మరీ మంచిది, ఈమెయిల్‌లోనూ వాట్సాప్‌లోనూ రద్దు చేస్తున్నట్టు రాయాలి. చెక్క కొనడం, కోయడం ఇంకా మొదలు కాలేదన్న సంగతిని అందులో ప్రస్తావించి, డబ్బు తిరిగి పంపమని అడిగి, ఏమైనా ఖర్చయిందంటే దాని బిల్లులు చూపించమని కోరాలి. ఫోన్లో ఎంత మంచిగా మాట్లాడినా రాతను వదలకండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి, చాలా సంస్థలు ఆ దశలోనే దిగివస్తాయి. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు ఉన్న కేసులు జిల్లా స్థాయిలోనే వేయవచ్చు, 5 లక్షల వరకు ఫీజు లేదు, సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. సంస్థ చెన్నైదైనా బెంగళూరుదైనా, మీరు నివసించే చోటనే కేసు వేసే హక్కు ఈ చట్టం ఇచ్చింది, మీరు పరాయి ఊరు తిరగనక్కరలేదు.

మీ విషయంలో నేను చేసేది ఇది. ఈ రోజే ఆ సంస్థకు మెయిల్ రాసి, 4,95,000 ధరకు పూర్తి వివరాలతో, కనీసం పదిహేను రోజులు చెల్లుబాటు ఉండేలా కొటేషన్ అడుగుతాను. ఆ లోపు నమ్మకమైన స్థానిక వడ్రంగితో మన సొంత కొలతలు తీయించి, ఒకే డ్రాయింగును మరో ఇద్దరికి ఇచ్చి ధర అడుగుతాను. వారు మన ఊళ్లో పూర్తి చేసిన, కనీసం రెండు వానాకాలాలు దాటిన వంటగదులను వెళ్లి చూసి, సింకు కింది తలుపు తెరిచి అడుగు పలక ఉబ్బిందేమో చేత్తో తడిమి చూస్తాను. మీ నాన్నగారిని ఆ ఇళ్లకు వెంట తీసుకెళ్లండి. నలుగురితో మర్యాదగా మాట్లాడే ఆయన స్వభావం అక్కడ ఎంతో పనికొస్తుంది, ఇంటివాళ్లు మనసు విప్పి చెప్పే నిజాలు ఏ కొటేషన్‌లోనూ ఉండవు. మొదటి సంస్థ కొటేషన్ పంపితే, పేరు తీసేసి కొలత లెక్క, ప్లైవుడ్ వివరాలు ఉన్న పేజీలు నాకు పంపండి, వరుస వరుసా చూసి చెబుతాను.